స్వామికి తెచ్చిన పూలు, వాటిని తెచ్చిన సంచి



దేవుని సన్నిధికి వట్టి చేతులతో వెళ్ళరాదన్నది పెద్దలు మనకు నేర్పిన మర్యాద. అందుకే కొబ్బరికాయ, పూలు, పసుపు, కుంకుమ, అగరువత్తులు తీసుకొని ఆలయానికి వస్తాము. ఇవన్నీ పవిత్రమైన ద్రవ్యములే. అయితే వాటిని మోసుకొని వచ్చిన సంచిని గురించి మనం ఎన్నడూ ఆలోచించము. స్వామి పాదాల చెంత ఉంచిన పువ్వు మరునాటికి నిర్మాల్యమై, కొన్ని వారాలలో మట్టిలో కలిసిపోతుంది. కొబ్బరి చిప్ప ప్రసాదమవుతుంది. పీచు పొయ్యిలోకో, చెట్టు పాదులోకో చేరుతుంది. ఈ మూడింటినీ చుట్టి తెచ్చిన పలుచని ప్లాస్టిక్ కవరు మాత్రం మనం గతించిన తరువాత కూడా ఈ నేల మీద ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. ఈ మాసపు పాఠం ఆ కవరును గురించినది.

నేను సిద్దిపేటలో చాలాకాలం ప్రకృతి శాస్త్రాన్ని బోధించి విరమించినవాడిని. ఉత్సవాలు ముగిసిన మరునాడు నిర్మాల్యాన్ని వేరుచేసే సేవలో నలుగురితో పాటు కూర్చుంటాను. పూలరాశిలో చేయి పెట్టినప్పుడు మొదట తగిలేది పువ్వు కాదు, కవరు. అక్కడ చూచినది, పుస్తకాల ద్వారా తెలుసుకొన్నది, రెండూ కలిపి మీ ముందు ఉంచుతున్నాను.

శౌచము, అపరిగ్రహము

పతంజలి మహర్షి యోగ సూత్రాలలో ఐదు యమాలను, ఐదు నియమాలను చెప్పినాడు. నియమాలలో మొదటిది శౌచము, అనగా శుచిత్వము. యమాలలో చివరిది అపరిగ్రహము, అనగా అక్కరకు మించినది చేపట్టకుండుట. శౌచమనగానే స్నానము, మడి బట్ట మనకు గుర్తుకు వస్తాయి. మన ఒంటి మీది మురికిని తీసి వీధిలో వేస్తే అది సగం శౌచమే అవుతుంది. మన ఇల్లు శుభ్రమై పొరుగువాని పొలం, ఊరి చెరువు మలినమైతే, మురికి స్థలం మారింది తప్ప తొలగిపోలేదు.

అపరిగ్రహము ఇంతకంటె సూక్ష్మమైనది. దుకాణదారు ఉచితంగా ఇస్తున్నాడు కదా అని చేయి చాచడం కూడా పరిగ్రహమే. ఒక కుటుంబం దర్శనానికి వచ్చి కొబ్బరికాయకు ఒకటి, పూలకు ఒకటి, పసుపు కుంకుమలకు ఒకటి, గాజులకు ఒకటి, ప్రసాదానికి ఒకటి చొప్పున ఐదు కవర్లు తీసుకొన్నదని అనుకుందాం. ఉత్సవ దినాన వేయి కుటుంబాలు వస్తే ఐదు వేల కవర్లు. వాటిలో ఏ ఒక్కటీ అర గంటకు మించి పనిచేయదు.

ఈ సంచి పుట్టుక

పాలిథిన్ అనే పదార్థాన్ని 1933లో ఇంగ్లండులో కనుగొన్నారు. నేడు మనం చూసే రెండు చెవుల సంచిని రూపొందించినవాడు స్టెన్ గుస్టాఫ్ థులిన్ అనే స్వీడన్ దేశపు ఇంజనీరు. ఆయన పనిచేసిన కంపెనీకి దీనిపై 1965లో అమెరికా పేటెంటు లభించింది. కాగితపు సంచుల కోసం చెట్లు కూలుతున్నాయని, వాటికి బదులుగా మళ్ళీ మళ్ళీ వాడదగిన తేలికైన, గట్టి సంచి కావాలని ఆయన తలచినట్లు, తానే ఒక సంచిని మడిచి జేబులో పెట్టుకొని తిరిగేవాడని ఆయన కుమారుడు తరువాతి కాలంలో చెప్పినాడు.

ఇందులో మనకొక పాఠం ఉన్నది. వస్తువు చెడ్డది కాదు, వాడకం చెడినది. నూరేళ్ళు నిలిచే పదార్థంతో అర గంట పనికి వస్తువును చేసి పారవేయడమే దోషం. నిలకడగల దానిని నిలకడగా వాడాలి, లేదా క్షణిక అవసరానికి కరిగిపోయే ఆకును, కాగితాన్ని వాడాలి. మోదుగాకు విస్తరి, ఆకు దొప్ప ఈ ధర్మాన్ని ఏనాడో పాటించినవి. భోజనం ఎంతసేపో విస్తరి జీవితమూ దాదాపు అంతే.

గోవు కడుపులో

మనం గోవుకు ప్రదక్షిణ చేసి, గ్రాసం పెట్టి, తోకను కళ్ళకు అద్దుకొంటాము. ఆ గోవు శరీరం ఎలా పనిచేస్తుందో తెలిస్తే కవరు పారవేసే చేయి తప్పక ఆగుతుంది.

ఆవు కడుపులో నాలుగు గదులు ఉంటాయి. అది మేతను నమలకుండానే గబగబ మింగి, తరువాత నీడన కూర్చొని నెమరువేస్తుంది. మేక వలె పెదవులతో ఏరుకొని తినే నేర్పు దానికి తక్కువ. అన్నం మెతుకులు, అరటి తొక్కలు, కూరగాయల చెత్త కవరులో ముడివేసి పారవేస్తే, ముడి విప్పడం ఆవుకు రాదు కనుక కవరుతో సహా మింగుతుంది. ఆహారం జీర్ణమవుతుంది. ప్లాస్టిక్ జీర్ణం కాదు. తరువాతి గదిలోకి పోయే దారి సన్ననిది కావడం వలన ప్లాస్టిక్ మొదటి గదులలోనే పేరుకొని ముద్ద కడుతుంది. మేతకు చోటు తగ్గుతుంది. పాలు తగ్గుతాయి, నెమరు ఆగుతుంది, కడుపు ఉబ్బుతుంది. చూసేవారికి ఆవు నిండుగా మేసినట్లే కనిపిస్తుంది. నిజానికి అది ఆకలితో చనిపోతూ ఉంటుంది. ఎడమ డొక్కను కోసి ఆ ముద్దను తీయడం తప్ప మందు లేదు.

ఇది ఎక్కడో దూరాన జరిగిన కథ కాదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ వారు వీధి ఆవులకు ఇటువంటి శస్త్రచికిత్సలు చేయించి, ఒక్కొక్క ఆవు కడుపు నుండి పదుల కిలోల ప్లాస్టిక్‌ను వెలికి తీయించినారు. 2012లో వారు ఈ విషయమై సుప్రీంకోర్టును ఆశ్రయించినారు. ఆ విచారణలో న్యాయస్థానం, ప్లాస్టిక్ సంచులను అదుపు చేయకపోతే రాబోయే తరానికి అణుబాంబును మించిన ముప్పు తప్పదన్న భావాన్ని వ్యక్తం చేసింది. మన తెలుగు నేల మీది మూగజీవుల బాధ దేశపు అత్యున్నత న్యాయపీఠం దాకా చేరిందన్నమాట. గోపూజ చేసే చేతితోనే ముడివేసిన కవరును గోడ అవతలికి విసిరితే ఆ పూజకు అర్థమేమిటో ఎవరికి వారే ఆలోచించుకోవలెను.

మళ్ళీ కరిగించి వాడవచ్చు కదా?

నా పాఠాలు వినడానికి వచ్చే యువకులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. వాడవచ్చు, కాని అనుకున్నంత సులభం కాదు.

ప్లాస్టిక్‌ను తిరిగి వాడుకలోకి తేవాలంటే సేకరించి, రకాల వారీగా వేరుచేసి, కడిగి, ఆరబెట్టి, తురిమి, కరిగించి గుళికలుగా మార్చాలి. కవరు పలుచనిది, తేలికైనది. కిలో తూకానికి వందల కవర్లు ఏరవలసి ఉంటుంది. నీళ్ళ సీసా ఏరితే వచ్చే ప్రతిఫలం కవరు ఏరితే రాదు కనుక చెత్త ఏరుకొని బ్రతికే పేదవారు కూడా దానిని వదిలివేస్తారు. నూనె, పసుపు, బెల్లపు పాకం అంటిన కవర్లను కడగడానికి అయ్యే ఖర్చు వాటి విలువను మించుతుంది. పలుచని కవర్లు యంత్రాల చక్రాలకు చుట్టుకొని పనిని ఆపివేస్తాయి. కరిగించిన ప్రతిసారీ పదార్థపు నాణ్యత కొంత తగ్గుతుంది. అగరువత్తుల పొట్లాల వంటి పలు పొరల రేకు సంచులైతే ఇంకా కష్టం, పొరలను విడదీయడం దాదాపు అసాధ్యం.

అయినా మార్గం పూర్తిగా మూసుకొనిపోలేదు. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యులు ఆర్. వాసుదేవన్ గారు ప్లాస్టిక్ తురుమును వేడి కంకరకు పట్టించి, తారుతో కలిపి రోడ్లు వేసే పద్ధతిని కనుగొన్నారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అయితే ఆ రోడ్డుకైనా శుభ్రంగా, పొడిగా ఉన్న ప్లాస్టిక్ కావాలి. కనుక మన ఇంటికి చేరిన కవరును తుడిచి, ఆరబెట్టి, అన్నింటినీ ఒక పెద్ద సంచిలో చేర్చి పొడిచెత్తతో విడిగా ఇవ్వడం మన వంతు. కాల్చివేయడం మాత్రం ఎన్నటికీ తగదు. ఆ పొగ విషం. పండుగ మంటలలోనైనా, చలి మంటలలోనైనా ప్లాస్టిక్ వేయరాదు.

తిరిగి వాడుక అనేది మూడవ మెట్టు. మొదటి మెట్టు తీసుకోకుండుట. రెండవది తీసుకున్న దానిని పలుమార్లు వాడుట. మొదటి రెండు మెట్లు ఎక్కకుండా మూడవ దాని మీద నిలబడలేము.

చట్టం ఏమి చెబుతున్నది

2021 ఆగస్టు 12న కేంద్ర ప్రభుత్వం ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలను సవరించింది. దాని ప్రకారం చేతి సంచుల మందం 2021 సెప్టెంబరు 30 నుండి కనీసం 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుండి కనీసం 120 మైక్రాన్లు ఉండాలి. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మందమైన సంచికి ధర ఉంటుంది కనుక ఊరికే ఇవ్వరు, మళ్ళీ వాడతారు, ఏరేవారికీ గిట్టుబాటవుతుంది. ఇదీ ఆ నియమం వెనుక ఉన్న ఆలోచన. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, మిఠాయి పెట్టెలపై చుట్టే పలుచని పొర, అలంకరణకు వాడే థర్మకోల్ మొదలైన వాటిని దేశమంతటా నిషేధించినారు. అన్నదానం చేసే దాతలు, మండపాలు అలంకరించే యువజన సంఘాలు ఈ జాబితాను తప్పక గుర్తుంచుకోవలెను.

ఇంకొక మాట. దుకాణాలలో గుడ్డ సంచి వలె కనిపించే రంగు రంగుల సంచులు ఇస్తున్నారు. నాన్‌వోవెన్ అని పిలిచే ఆ సంచులలో అధిక భాగం పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. అంచున దారం లాగి చూడండి. నేసిన బట్టయితే పోగు ఊడివస్తుంది. ఊడిరాకుండా పీచులా చిరిగితే అది ప్లాస్టిక్. చదరపు మీటరుకు 60 గ్రాముల కంటె తక్కువ బరువున్న అటువంటి సంచులకు కూడా నియమాలు అనుమతి ఇవ్వవు.

ఇతర దేశాల అనుభవం కూడా చూద్దాం. వరదనీటి కాలువలు కవర్లతో పూడుకుపోవడం చూచి బంగ్లాదేశ్ 2002లో పలుచని సంచులను నిషేధించింది. అదే సంవత్సరం ఐర్లండు దేశం నిషేధం విధించకుండా సంచికి 15 సెంట్ల సుంకం మాత్రం పెట్టింది. మనిషికి ఏడాదికి 328గా ఉన్న సంచుల వాడకం 21కి పడిపోయింది. అంతవరకు వారు వాడిన సంచులలో అత్యధికం అవసరం కొద్దీ కాక, ఉచితం కనుక తీసుకొన్నవే అని దీనివలన తేలింది.

మన పుణ్యక్షేత్రాలలో తిరుమల ఈ దారిలో ముందు నడిచింది. 2021 ఆగస్టులో రక్షణ పరిశోధన సంస్థ వారు మొక్కజొన్న పిండితో రూపొందించిన, మట్టిలో కలిసిపోయే సంచులను లడ్డూ ప్రసాదం కోసం అక్కడ అందుబాటులోకి తెచ్చినారు. 2022 జూన్ 1 నుండి కొండపై ప్లాస్టిక్‌ను పూర్తిగా నిషేధించినారు. అంత జనసందోహం గల క్షేత్రమే ఆ బాట పట్టగా, మన ఆలయాలకు అది ఎందుకు సాధ్యం కాదు?

మన సిద్దిపేట

మన పట్టణం ఈ విషయంలో వెనుకబడినది కాదు. తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త వేరుచేయడం ఎలాగో, వంటింటి వ్యర్థాలతో ఎరువు ఎలా చేయాలో నేర్పే స్వచ్ఛబడి మన వద్ద ఉన్నది. బుస్సాపూర్‌లో తడిచెత్త నుండి ఇంధన వాయువును తయారు చేసే కేంద్రం ఉన్నది. ఇంటిలో విడిగా ఇచ్చిన తడిచెత్తే అక్కడ ఇంధనమవుతుంది. దానిలో కవరు కలిస్తే ఆ పని చెడుతుంది.

వీటన్నింటికంటె నాకు మిక్కిలి నచ్చినది స్టీలు బ్యాంకు. పెళ్ళికో, పేరంటానికో, అన్నదానానికో కావలసిన స్టీలు పళ్ళాలు, గ్లాసులు, గిన్నెలు అక్కడ నుండి తెచ్చుకొని, కడిగి తిరిగి అప్పగించవచ్చు. పట్టణంలోను, జిల్లాలోని గ్రామాలలోను ఇవి ఏర్పడినాయి. పూర్వం వాడకట్టులో ఒక ఇంటి గంగాళం, మరొక ఇంటి గుండిగ తెచ్చుకొని పెళ్ళి చేసుకొనే వారము. ఆ పాత అలవాటుకే ఇది కొత్త రూపం.

సంక్రాంతి తరువాతి ఆదివారాలలో కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్ళేవారు, బోనం కుండను నెత్తిన పెట్టుకొని, బండారిని గుడ్డలో మూటకట్టుకొని వెళ్ళడం మన సంప్రదాయం. బతుకమ్మను తాంబాళంలో పేర్చి కోమటి చెరువుకు తీసుకుపోతాము. తంగేడు, గునుగు నీటిలో కలిసి పోతాయి. ఆ పూలతో పాటు కవరు నీటిలో పడితే తూములకు అడ్డుపడుతుంది, చేపలకు ముప్పవుతుంది. మన పండుగలలో ప్లాస్టిక్‌కు మొదటి నుండీ చోటు లేదు. అది మధ్యలో వచ్చినది. మధ్యలో వచ్చినదానిని మానుకోవడం కష్టం కాదు.

గుడ్డ సంచి లెక్క

గుడ్డ సంచి పట్టుకొన్నంత మాత్రాన పుణ్యం వచ్చినట్లు కాదు. పత్తి పండించడానికి నీరు, ఎరువు కావాలి. నేతకు, అద్దకానికి శక్తి కావాలి. ఇంగ్లండు పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఒక కొత్త నూలు సంచి ఒక్కసారి వాడి పారవేసే పలుచని కవరు కంటె వాతావరణానికి మేలైనది కావాలంటే దానిని 131 సార్లు వాడాలి. ఈ సంఖ్య చూచి భయపడనక్కరలేదు. వారానికి ఒకసారి అంగడికి, నెలకు రెండుసార్లు గుడికి అదే సంచి తీసుకువెళితే ఏడాదికి 76 సార్లు అవుతుంది. రెండేళ్ళలోపే లెక్క తీరుతుంది. గట్టి సంచి అంతకంటె ఎక్కువ కాలమే ఉంటుంది.

అయితే ప్రతి ఉత్సవానికీ కొత్త సంచులు ముద్రించి పంచిపెట్టడం వలన ఈ లెక్క తలక్రిందులవుతుంది. ఇంటిలో పది సంచులు పోగుపడి, పదీ మూలన పడితే ఏ ఒక్కదానికీ 131 సార్లు పూర్తి కావు. అందుకని ఉత్తమమైనది, కొత్త బట్ట కాకుండా పాత పంచె, పాత చీర, పాత దుప్పటితో కుట్టిన సంచి. దాని పత్తి ఖర్చు ఏనాడో తీరిపోయింది. గొల్లభామ చీరకు పేరుపొందిన ఈ గడ్డ మీద నేసిన బట్ట విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు.

పూలమ్మే తల్లి మాట

కవరు ఇవ్వకూడదని చెప్పడం తేలిక. చెప్పించుకొనేవారి కష్టం కూడా వినాలి. గుడి ముందు పూలమ్మే ఒక తల్లితో ఈ మాట ఎత్తితే ఆమె, "సారూ, నేను కవర్ల ఇయ్యకుంటే పక్క బండి కాడికి పోతరు. గిరాకి పోతే నా ఇల్లెట్ల గడుస్తది? మీరే అందరికీ చెప్పుండ్రి, సంచి తెచ్చుకోమని" అన్నది. ఆ మాటలో న్యాయమున్నది. ఒక్క దుకాణం మానితే ఆ ఒక్కరికే నష్టం. కొనేవారందరూ సంచితో వస్తే ఎవరికీ నష్టం లేదు, పైగా కవర్లకు పెట్టే ఖర్చు ఆమెకు మిగులుతుంది. కనుక మార్పు అమ్మేవారి వద్ద కాక కొనేవారి వద్ద, అనగా భక్తుల వద్ద మొదలు కావలెను.

భక్తులు, దాతలు చేయదగినవి

ఆలయానికి బయలుదేరేటప్పుడు ఒక గుడ్డ సంచి లేదా బుట్ట, ప్రసాదానికి ఒక మూత డబ్బా, నీటికి ఒక సీసా తీసుకొని రండి. పూలు ఆకులోనో, కాగితంలోనో కట్టించుకోండి. నిర్మాల్యాన్ని కవరుతో సహా చెరువులో విడువకండి. పూలు విడిగా, దారం విడిగా చేసి ఎరువు గుంటకు చేర్చండి. ఇంటి దగ్గర ఆవుకు పెట్టదలచిన తొక్కలను పళ్ళెంలోనో, తొట్టిలోనో వేయండి.

దాతలకు నా మనవి ఇది. పేరు ముద్రించిన వేయి కొత్త సంచుల బదులు, మీ వీధిలోని పాత చీరలను సేకరించి, కుట్టుపని తెలిసిన మహిళలకు కూలి ఇచ్చి సంచులుగా మార్పించండి. ఒక పుణ్యానికి రెండు ఫలాలు. ఆ సంచులను ఆలయ ద్వారం వద్ద ఒక అల్మారాలో ఉంచితే, మరచి వచ్చినవారు తీసుకొని మరుసటి దర్శనంలో తిరిగి పెడతారు. అన్నదానం మొక్కుకొన్నవారు పళ్ళాలను స్టీలు బ్యాంకు నుండి తెప్పించండి, లేదా ఆకు విస్తళ్ళలో వడ్డించండి. శాశ్వత నిధికి ఇచ్చేవారు వంద స్టీలు పళ్ళాలు సమర్పించినా అది చాలా ఏళ్ళు నిలిచే అన్నదానమే.

ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన ఇంటికి ఒక వారంలో ఎన్ని కవర్లు వస్తున్నాయి? ఏడు రోజులు ఒక బుట్టలో వేసి లెక్కపెట్టండి.
2. వాటిలో సంచి తీసుకువెళితే రాకుండా పోయేవి ఎన్ని?
3. మన వీధిలో తిరిగే ఆవులు ఎక్కడ మేస్తున్నాయి? అక్కడ ముడివేసిన కవర్లు పడకుండా మనం ఏమి చేయగలం?
4. రాబోయే వ్రతానికో, పేరంటానికో తాంబూలం ఏ సంచిలో ఇవ్వబోతున్నాము?

ఈ నాలుగింటికీ సమాధానం పిల్లల చేత వ్రాయించండి. వారు లెక్కపెట్టిన సంఖ్య పెద్దల మాటకంటె గట్టిగా పనిచేస్తుంది. వచ్చే దర్శనానికి మీ చేతిలోని పాత చీర సంచిని చూచి పూలమ్మే తల్లి కవరు కోసం చేయి చాచకుండా పూలను నేరుగా అందులో పోయుగాక. ఆ పూలను అందుకొనే స్వామి, వాటిని మోసుకొచ్చిన చేతిని కూడా అనుగ్రహించుగాక.

శుభం.